పారిస్ తర్వాత ఇంకో ఊరు: స్ట్రాస్‌బర్గ్, లియోన్, అవిన్యోన్‌లలో ఏది, ఏ నెలలో?

పారిస్‌కి ఫ్లైట్ టికెట్లు అయిపోయాయి. ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సీన్ నదిలో పడవ షికారు అన్నీ ప్లాన్‌లోకి వచ్చేశాయి. చివర్లో రెండు రోజులు మిగిలాయి. ఆ రెండు రోజుల్లో ఇంకో పాత ఊరు చూసొద్దామని ఉంటుంది. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. యూట్యూబ్‌లో ఒకరు స్ట్రాస్‌బర్గ్ అంటారు. ఆఫీసులో ఒకాయన లియోన్ తిండి గురించి అరగంట చెబుతాడు. ఇంకెవరో లావెండర్ తోట ఫొటో పంపించి అవిన్యోన్ వెళ్లకపోతే వేస్ట్ అంటారు.

మూడూ మంచి ఊళ్లే. మూడింటి పాత భాగాలూ యునెస్కో జాబితాలో ఉన్నాయి. మూడింటికీ పారిస్ నుంచి మూడు గంటల లోపు రైలు ఉంది. కాబట్టి ‘ఏ ఊరు బాగుంటుంది’ అని అడిగితే ఎప్పటికీ తేలదు. మీరు వెళ్లేది ఏ నెలలో అన్నది ముందు చూసుకోండి, ఊరు దాదాపు దానంతటదే తేలిపోతుంది. చలికాలంలో స్ట్రాస్‌బర్గ్‌ని ఇష్టపడినవాళ్లే అదే చలికాలంలో అవిన్యోన్ వెళ్తే గాలికి చెవులు మూసుకుని హోటల్‌కి తిరిగొస్తారు.

## ముందు చూసుకోవాల్సినవి

నెల. వేడి, చలి ఒక్కటే కాదు, పగటి వెలుతురు కూడా లెక్కే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. రెండు రోజుల ట్రిప్‌లో ఈ తేడా చాలా పెద్దది.

మోకాళ్లు. వెంట అమ్మానాన్నలు ఉన్నా, స్ట్రోలర్‌లో పిల్లలు ఉన్నా ఇది ఒక్కటే మీ నిర్ణయాన్ని మార్చేయగలదు. స్ట్రాస్‌బర్గ్ పాత ఊరు చదును. లియోన్‌లో రెండు కొండలు ఉన్నాయి, అయితే ఎక్కించడానికి మెట్రో, ఫ్యునికులర్ రైలు ఉన్నాయి. అవిన్యోన్ చిన్నదే కానీ అక్కడి ముఖ్యమైన కట్టడం లోపల అంతా రాతి మెట్లే.

తిండి. శాకాహారులకు మూడూ ఒకటి కావు. దీని గురించి కింద విడిగా చెబుతాను.

మీకు ఏ చరిత్ర ఇష్టం. జర్మనీ, ఫ్రాన్స్ లాక్కున్న సరిహద్దు ఊరు కావాలా, రోమన్ల నుంచి పట్టు మగ్గాల దాకా పొరలు పొరలుగా ఉన్న పెద్ద నగరం కావాలా, పోప్‌లు కాపురమున్న కోట కావాలా?

## ఒక్క చూపులో

| | స్ట్రాస్‌బర్గ్ | లియోన్ | అవిన్యోన్ |
|---|---|---|---|
| పారిస్ నుంచి టీజీవీ (హైస్పీడ్ రైలు) | సుమారు 1 గం. 50 ని. | సుమారు 2 గం. | సుమారు 2 గం. 40 ని. |
| పారిస్‌లో ఎక్కే స్టేషన్ | గార్ ద లెస్ట్ | గార్ ద లియోన్ | గార్ ద లియోన్ |
| నడక | చదును | కొండలు, కానీ రైలు సాయం ఉంది | చిన్న ఊరు, కోటలో మెట్లు |
| ఏప్రిల్–మే | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | అన్నింటికన్నా మేలు |
| జూన్–జులై | బాగుంటుంది | వేడి, రాత్రి కచేరీలు | లావెండర్, నాటకాలు, మండే ఎండ |
| ఆగస్టు | పర్వాలేదు | చాలా రెస్టారెంట్లు సెలవులో | ఎండ, రద్దీ |
| సెప్టెంబర్–అక్టోబర్ | బాగుంటుంది | అన్నింటికన్నా మేలు | చాలా బాగుంటుంది |
| డిసెంబర్ | క్రిస్మస్ సంత | దీపాల పండుగ | వద్దు |
| జనవరి–ఫిబ్రవరి | చలి, ఖాళీ | మ్యూజియంలకు సరే | గాలి |

## స్ట్రాస్‌బర్గ్

ఇల్ అనే నది రెండు పాయలుగా చీలి చుట్టుకున్న దీవి మీద ఉంది పాత ఊరు. 1988లోనే యునెస్కో దీన్ని జాబితాలో చేర్చింది. 1870 నుంచి 1945 లోపు ఈ ఊరు నాలుగుసార్లు చేతులు మారింది. వీధుల పేర్లు, వంటలు, ఇళ్ల కప్పులు, దేన్ని చూసినా సగం జర్మనీలో ఉన్నామా అనిపించడానికి అదే కారణం. ఫ్రాన్స్ జాతీయ గీతం పుట్టింది మాత్రం ఇక్కడే, 1792 ఏప్రిల్‌లో.

అందరూ చూసేది కేథడ్రల్. వోజ్ కొండల గులాబి రంగు ఇసుకరాయితో కట్టారు. 142 మీటర్ల శిఖరం 1439లో పూర్తయింది. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన కట్టడం లేదు. రెండో శిఖరం ఎప్పుడూ కట్టలేదు. ఓపిక ఉన్నవాళ్లు సుమారు 330 మెట్లు ఎక్కితే 66 మీటర్ల ఎత్తులో ఉన్న మిద్దె మీద నిలబడి ఊరంతా చూడొచ్చు.

నన్ను అడిగితే మెట్ల కన్నా లోపలి గడియారానికి టైమ్ ఇవ్వండి. పెట్టె 16వ శతాబ్దానిది, ఇప్పుడున్న యంత్రం ష్విల్గే అనే ఆయన 1838 నుంచి 1843 దాకా కూర్చుని చేసింది. ప్రతి పావుగంటకీ ఒక బొమ్మ మృత్యువు ముందు నుంచి నడిచి వెళ్తుంది. మొదట పిల్లవాడు, తర్వాత యువకుడు, నడివయసు మనిషి, ఆఖర్న ముసలాయన. గంట కొట్టేది మృత్యువే. అసలు ప్రదర్శన మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఈ గడియారం స్థానిక సూర్యకాలం చూపిస్తుంది కాబట్టి దానికి అప్పుడే పన్నెండు. పన్నెండుగురు శిష్యులు క్రీస్తు ముందు నుంచి వరసగా కదులుతారు, పైనున్న కోడిపుంజు రెక్కలు కొట్టుకుంటూ మూడుసార్లు కూస్తుంది. ఆ సమయానికి మామూలు ప్రవేశం ఆపేసి టికెట్ ఉన్నవాళ్లనే పంపిస్తారు. పన్నెండుంబావుకి వెళ్లి లైన్లో నిలబడదాం అనుకుంటే బయటే ఉండిపోతారు.

ఇక పెతీత్ ఫ్రాన్స్. కాలవ పక్కన చెక్క ఫ్రేముల ఇళ్లు, కిటికీల నిండా పూలు. క్యాలెండర్లలో కనిపించే ఫొటో ఇదే. ఒకప్పుడు తోళ్లు శుద్ధి చేసేవాళ్లు, పిండిమరల వాళ్లు, జాలర్లు ఉన్న వాడ. ‘చిన్న ఫ్రాన్స్’ అంటే ఏదో ముద్దు పేరు అనుకుంటారు, కానీ సుఖరోగులకు ఇక్కడ ఒక ఆసుపత్రి ఉండేది, ఆ రోగాన్ని జర్మన్లు ‘ఫ్రెంచి జబ్బు’ అనేవాళ్లు. పేరు అలా వచ్చింది. హనీమూన్ ఫొటోలు దిగేవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. పక్కనే 1690 నాటి వోబాన్ ఆనకట్ట పైకి ఎక్కితే మూడు వంతెనలు, బురుజులు, వెనకాల కేథడ్రల్ అన్నీ ఒకే ఫ్రేములోకి వస్తాయి.

డిసెంబర్ సంగతి. ఇక్కడి క్రిస్మస్ సంత 1570 నుంచి ఉంది. నవంబర్ చివర్లో మొదలై క్రిస్మస్ దాకా నడుస్తుంది. క్లెబర్ కూడలిలో సుమారు 30 మీటర్ల చెట్టు, వీధి వీధికీ దీపాలు, దాల్చినచెక్క వాసన. నిజంగా అందంగా ఉంటుంది. అయితే శని ఆదివారాల్లో అడుగు తీసి అడుగు వేయలేరు, హోటల్ రేట్లు మామూలు రోజుల్లా ఉండవు. వెళ్లాలంటే సోమవారం నుంచి గురువారం మధ్య పెట్టుకోండి. దీవిలో గది దొరక్కపోతే రైన్ నదికి అవతల జర్మనీలోని కెల్‌లో చూడండి, ట్రామ్ నేరుగా వెళ్తుంది. షెంగెన్ వీసా రెండు దేశాలకీ పనికొస్తుంది, పాస్‌పోర్ట్ మాత్రం జేబులోనే ఉంచుకోండి.

క్రిస్మస్ సంత మీద పెద్ద మోజు లేకపోతే నా ఓటు మే నెలకి. అదే ఊరు, అదే కాలవలు, సగం జనం.

## లియోన్

మూడింట్లో ఇదొక్కటే పెద్ద నగరం. అందుకే రెండు రోజుల్లో చూశాం అనిపించుకోవడం కష్టం, బోరు కొట్టడం ఇంకా కష్టం.

క్రీస్తుపూర్వం 43లో రోమన్లు ఫూర్వియేర్ కొండ మీద ఊరు కట్టారు. క్లాడియస్ చక్రవర్తి ఇక్కడే పుట్టాడు. ఆ కొండ మీది రోమన్ నాటకశాల ఇప్పటికీ వాడుకలో ఉంది. జూన్, జులైలలో రాత్రిపూట ఆ రాతి మెట్ల మీద కూర్చుని కచేరీ వినొచ్చు. పగలు ప్రవేశం ఉచితం. పక్కనే బసిలికా అనే పెద్ద చర్చి, దాని ముందు నుంచి ఊరంతా కనిపిస్తుంది, గాలి తేటగా ఉన్న రోజు దూరంగా ఆల్ప్స్ కూడా. పైకి నడవక్కర్లేదు, పాత లియోన్ నుంచి ఫ్యునికులర్ ఉంది. కిందికి దిగేటప్పుడు మాత్రం తోట దారిలో నడిచి రండి.

పాత లియోన్ 15, 16 శతాబ్దాల ఇళ్ల పేట. ఇక్కడ చూడాల్సింది ట్రబూల్‌లు. ఒక వీధిలో తలుపు తోసి లోపలికెళ్తే నాలుగైదు ఇళ్ల కింద నుంచి నడిచి ఇంకో వీధిలో తేలే దారులివి. సెయింట్ జాన్ వీధిలో 54వ నంబరు తలుపు దగ్గర మొదలయ్యేది అన్నింటికన్నా పొడవు. బయటి నుంచి చూస్తే మామూలు ఇంటి తలుపే, పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కితే టక్కుమని గొళ్లెం వదులుతుంది. లోపల కాసేపు ఏమీ కనపడదు, తర్వాత పోస్టు డబ్బాల వరస, తడి రాతి వాసన, పైన నాలుగంతస్తుల మధ్య చతురస్రంగా ఆకాశం. ఎవరి వంటింట్లోంచో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. ఇవి జనం కాపురముంటున్న ఇళ్లు కాబట్టి గొంతు తగ్గించుకుని నడవాలి, పొద్దున పూట వెళ్లాలి. సాయంత్రమైతే చాలా తలుపులు తెరుచుకోవు.

రెండో కొండ క్రోయ్ రూస్. పట్టు నేతగాళ్ల కొండ. ఇక్కడి ఇళ్ల కప్పులు సుమారు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటాయి, మగ్గం పట్టాలి కదా. చిల్లుల అట్టలతో డిజైన్ నడిపించే మగ్గాన్ని 1804లో తయారుచేసిన జకార్ ఈ ఊరివాడే. మన ధర్మవరం పట్టు చీరల మగ్గాల మీద ఉండే జాకార్డ్ ఆయన పేరే. కూలి రేట్ల కోసం ఇక్కడి నేతగాళ్లు 1831లోనూ 1834లోనూ తిరగబడ్డారు, సైన్యం దిగింది. నేత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ కొండకి ఒక పూట కచ్చితంగా కేటాయించండి. మేజోఁ దే కన్యూ అనే నేత మ్యూజియంలో మగ్గం ఆడించి చూపిస్తారు.

సినిమా పిచ్చి ఉంటే, తొలి సినిమాలు తీసిన లూమియేర్ సోదరుల ఇల్లు మ్యూజియంగా ఉంది, మెట్రోలో వెళ్లొచ్చు. 1895లో వాళ్ల ఫ్యాక్టరీ గేటులోంచి పనివాళ్లు బయటికి రావడాన్ని తీసింది అక్కడే. పిల్లలుంటే తెత్ దోర్ పార్కు: 117 హెక్టార్లు, చెరువు, గులాబీ తోట, జూ కూడా ఉచితమే.

డిసెంబర్ 8 చుట్టూ నాలుగు రోజులు దీపాల పండుగ. 1852లో మేరీమాత విగ్రహం ప్రతిష్ఠించేనాడు తుఫాను వచ్చి వేడుక ఆగిపోయేలా ఉంటే, సాయంత్రానికి వాన వెలిసింది, జనం ఎవరికివాళ్లు కిటికీల్లో దీపాలు పెట్టారు. ఇప్పటికీ కిటికీ గట్ల మీద చిన్న గాజు గ్లాసుల్లో దీపాలు వరసగా పెడతారు, మన కార్తీక దీపాల లాగే. దాంతోపాటు పెద్ద పెద్ద భవనాల మీద లేజర్లు, ప్రొజెక్షన్లు. జనం లక్షల్లో వస్తారు, పోలీసులు వీధుల్ని వన్‌వే చేసేస్తారు. నడవలేనివాళ్లతో ఆ నాలుగు రోజులూ వెళ్లకండి. స్ట్రాస్‌బర్గ్ సంతా లియోన్ దీపాలా అంటే: కొనడం, తినడం, పగలు తిరగడం ఇష్టమైతే స్ట్రాస్‌బర్గ్, రాత్రి చలిలో మూడు గంటలు నిలబడే ఓపిక ఉంటే లియోన్.

ఆగస్టులో మాత్రం వద్దంటాను. ఎండ ఒక కారణం. కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లు వారాల తరబడి సెలవు బోర్డు పెట్టేస్తాయి, తిండి కోసం వెళ్లే ఊళ్లో అది ఇంకా పెద్ద కారణం.

## అవిన్యోన్

1309లో పోప్ రోమ్‌కి బదులు ఇక్కడికి వచ్చి మకాం పెట్టాడు. 1377 దాకా ఏడుగురు పోప్‌లు ఇక్కడి నుంచే చలాయించారు. 1348లో ఊరినే నేపుల్స్ రాణి దగ్గర 80,000 ఫ్లోరిన్లకి కొనేశారు. 1791లో ఫ్రాన్స్‌లో కలిసేదాకా ఇది పోప్‌ల సొత్తే. చుట్టూ నాలుగు కిలోమీటర్లకి పైగా ఉన్న ప్రాకారం ఇప్పటికీ నిలిచే ఉంది. లోపల ఊరు ఎంత చిన్నదంటే, ఈ చివర నుంచి ఆ చివరకి అరగంటలో నడవొచ్చు.

పోప్‌ల ప్యాలెస్ గురించి ఒక మాట ముందే చెప్పాలి: లోపల ఖాళీ. పారిస్ దగ్గరి వెర్సాయ్ రాజభవనంలా బంగారు కుర్చీలు, అద్దాలు ఉంటాయనుకుని వెళ్లినవాళ్లు నిరుత్సాహపడతారు. ఫ్రెంచి విప్లవంలో దోచుకున్నారు, తర్వాత 1906 దాకా సైనికుల బ్యారక్‌గా వాడారు. మిగిలింది ఎత్తైన రాతి గోడలు, కొన్ని గదుల్లో 14వ శతాబ్దపు చిత్రాలు. వేట, చేపల చెరువు బొమ్మలున్న ‘దుప్పి గది’ చూస్తే పోప్ పడకగది పక్కనే ఇంత లౌకికమైన బొమ్మలా అనిపిస్తుంది. ప్రవేశంతో పాటు ఇచ్చే ట్యాబ్లెట్ పట్టుకుంటే ఆ గది అప్పట్లో ఎలా ఉండేదో తెర మీద కనిపిస్తుంది. పిల్లలకి అదే పెద్ద ఆట. గోడల్ని చూసి ఊహించుకోగలిగేవాళ్లకి ఈ కోట గొప్పగా ఉంటుంది. నగలు, ఫర్నిచర్ చూడాలనుకునేవాళ్లు ఆ సరదా పారిస్ చుట్టుపక్కలే తీర్చుకోండి.

వంతెన కూడా అంతే. 12వ శతాబ్దంలో కట్టిన సెయింట్ బెనెజె వంతెనకి ఒకప్పుడు 22 కమానులు. రోన్ నది వరదలు మిగిల్చింది నాలుగు. నది మధ్యలో ఆగిపోయే వంతెన ఎక్కడానికి టికెట్ ఎందుకని అనుకుంటే, ఎదురుగా ఉన్న బార్తెలాస్ దీవికి ఉచిత పడవలో వెళ్లి అక్కడి నుంచి చూడండి. వంతెన, కోట రెండూ కలిపి అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి.

అవిన్యోన్‌కి బలం దాని చుట్టుపక్కలే. 49 మీటర్ల ఎత్తున్న రోమన్ల నీటి వంతెన పోఁ దు గార్ పాతిక కిలోమీటర్లు. పోప్‌ల ద్రాక్షతోటల ఊరు షాతోనఫ్ ఇంకా దగ్గర. లావెండర్ కోసం వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక: ఊళ్లో లావెండర్ తోటలు ఉండవు. సెనాంక్ మఠం ముందు ఊదా వరసల ఫొటో కావాలంటే జూన్ మధ్య నుంచి జులై మధ్య లోపు వెళ్లాలి. బస్సులు నమ్ముకోలేం, కారు అయినా టూర్ వ్యాన్ అయినా కావాలి. మే నెల సెలవుల్లో వెళ్లే మనవాళ్లు లావెండర్ ఆశ పెట్టుకోవద్దు, అప్పటికి అవి ఆకుపచ్చ పొదలే.

జులైలో నాటకోత్సవం. 1947 నుంచి జరుగుతోంది. అసలు పండుగ పక్కన ‘ఆఫ్’ అని వెయ్యికి పైగా చిన్న ప్రదర్శనలు ఉంటాయి. నాటకం వాళ్లే వీధుల్లో పాత్రల వేషాల్లో తిరుగుతూ కరపత్రాలు పంచుతారు, కరెంటు స్తంభాలకి, కిటికీ ఊచలకి ఎక్కడ చూసినా పోస్టర్లే. ఎక్కువ భాగం ఫ్రెంచిలోనే. భాష రాకపోయినా ఆ గోల ఇష్టమైతే వెళ్లండి, కానీ అప్పుడు ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, గదులు దొరకవు.

మిస్ట్రాల్ సంగతి విడిగా చెప్పాలి. రోన్ లోయలో ఉత్తరం నుంచి దిగే ఈ గాలి గంటకి 80, 90 కిలోమీటర్ల వేగంతో కొడుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి. ఆకాశం మాత్రం నీలంగా, మబ్బు తునక లేకుండా ఉంటుంది. కిటికీలోంచి చూసి బయటికొస్తే మోసపోతారు. చలికాలం, వసంతం మొదట్లో దీని జోరు ఎక్కువ. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబర్‌లో వెళ్లండి.

## శాకాహారులైతే

అవిన్యోన్ ముందుంటుంది. ఆ ఊరున్న ప్రొవాన్స్ ప్రాంతపు వంటలో వంకాయ, టమాటా, ఆలివ్ నూనె, వెల్లుల్లి రోజూ ఉండేవే, వీటితో చేసే రాతతూయ్ కూర ఎక్కడైనా దొరుకుతుంది. తపనాద్ అనే ఆలివ్ పచ్చడి మాత్రం అడిగి తినండి, అందులో సాధారణంగా చిన్న చేపలు వేస్తారు.

స్ట్రాస్‌బర్గ్‌లో తార్త్ ఫ్లాంబే అనే పల్చని రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ, పంది మాంసం ముక్కలు వేస్తారు. ఆ ముక్కలు వద్దని చెబితే పుట్టగొడుగులు, చీజ్‌తో చేసిస్తారు, బాగుంటుంది. లియోన్ తిండికి పేరుమోసిన ఊరే కానీ అక్కడి సంప్రదాయ హోటళ్లు, అంటే బుషోఁలు, పేగులు, కాలేయం, పంది మాంసం మీద నడుస్తాయి. శాకాహారి అక్కడ కూర్చుంటే పెరుగులాంటి మెత్తని చీజ్‌లో ఆకులు కలిపిన సెర్వెల్ ద కన్యూ, బంగాళదుంప గ్రాతాఁ, గులాబీ రంగు ప్రలీన్ తార్త్‌తో సరిపెట్టుకోవాలి. కానీ పెద్ద నగరం కాబట్టి గియోతియేర్ పేట వైపు వెళ్తే ఇండియన్, అరబ్, వియత్నామీస్ హోటళ్లు ఉన్నాయి. మాంసాహారులకి మాత్రం లియోన్‌తో పోటీ లేదు.

మూడు చోట్లా ‘వెజిటేరియన్’ అని ఊరుకోకుండా ‘సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ’ (మాంసం వద్దు, చేప వద్దు) అనండి. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు లోపు, రాత్రిది ఏడు తర్వాత. మూడున్నరకి ఆకలేస్తే బేకరీయే గతి. నీళ్ల సీసా కొనకుండా ‘కరాఫ్ దో’ అని అడిగితే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు.

## ఎవరికి ఏది

అమ్మానాన్నలతో మే నెలలో వెళ్తుంటే స్ట్రాస్‌బర్గ్. పడవ ఎక్కి దీవి చుట్టూ తిరగొచ్చు, ఎక్కడికీ మెట్లు ఎక్కక్కర్లేదు, బెంచీలు బోలెడు. చిన్నపిల్లలుంటే లియోన్, పార్కు కోసం. కొత్తగా పెళ్లయినవాళ్లు కారు నడపగలిగితే అవిన్యోన్, లేకపోతే స్ట్రాస్‌బర్గ్. ఒంటరిగా వెళ్లి కాళ్లు అరిగేలా తిరిగేవాళ్లకి, దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకి లియోన్. ఫ్రాన్స్‌లోనే చదువుకుంటున్న మన పిల్లలు సెలవు దొరికినప్పుడల్లా ఒక్కోటి చూడొచ్చు కాబట్టి వాళ్లు చౌక టికెట్ ఏది దొరికితే అది పట్టుకోవడమే.

రెండు కలపాలని ఉంటే లియోన్, అవిన్యోన్ కలపండి. రెండూ ఒకే లైన్ మీద ఉన్నాయి, మధ్య టీజీవీలో గంటంబావు లోపు. స్ట్రాస్‌బర్గ్ అటు తూర్పు మూల, దాన్ని వాటితో కలిపితే సగం ట్రిప్ రైల్లోనే గడిచిపోతుంది.

బుకింగ్‌లో ముందు వీసా, తర్వాత రైలు, ఆ తర్వాత గది. డిసెంబర్ అయితే గది ముందు. టీజీవీ టికెట్ ధర రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది, కౌంటర్‌లో చూసుకుందాం అనుకోవద్దు. మే 1న చాలా మ్యూజియంలు మూసేస్తారు, మామూలు వారాల్లో కూడా సోమవారమో మంగళవారమో ఒక సెలవు ఉంటుంది. ‘గార్ ద లియోన్’ పారిస్‌లోని స్టేషన్, లియోన్‌లో దిగాల్సింది పార్ దియూ లేదా పెరాష్. అవిన్యోన్‌లో టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉంది, అక్కడి నుంచి చిన్న రైలు మారి ‘సాంత్ర్’ స్టేషన్‌కి వస్తే ప్రాకారం ఎదురుగానే దిగుతారు. తిరుగు ప్రయాణంలో మూడు ఊళ్ల నుంచీ షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్ట్ లోపలికే నేరుగా టీజీవీలు ఉన్నాయి. పారిస్‌లో సామాను మోస్తూ మెట్రో మారే బాధ తప్పుతుంది. కాకపోతే రోజుకి కొన్నే కాబట్టి ఫ్లైట్ టైమ్‌తో ముందే సరిచూసుకుని బుక్ చేయండి.